టీకా సీసాలో ఉంటే చాలదు



శీర్షిక చూసి ఇది తట్టు గురించో ధనుర్వాతం గురించో రాసిన వ్యాసమని మీరు అనుకోవచ్చు. కాదు. మన వివరాలను కంప్యూటర్లలో భద్రపరిచే డేటాబేస్ అనే సాఫ్ట్‌వేరుకు వచ్చే జబ్బు గురించీ, దానికున్న మందు గురించీ ఈసారి రాస్తున్నాను. మధుమేహం, రక్తపోటు, ఆహార నియమాల గురించి రాసే వైద్యుడికి ఈ గొడవ ఎందుకని మీకు సందేహం కలగడం సహజం. ముందుగా నా అనుభవం ఒకటి విన్నవిస్తాను. దీనికీ ఆరోగ్యానికీ సంబంధం ఉన్నదో లేదో ఆ తరువాత మీరే నిర్ణయించండి.

ప్రాక్టీసు విరమించడానికి ఏడెనిమిదేళ్ల ముందు మా క్లినిక్‌లో రోగుల వివరాలన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించాము. పేరు, వయసు, చక్కెర పాళ్లు, క్రియాటినిన్ విలువలు, వాడుతున్న మందులు, పడని మందులు అన్నీ అందులోనే ఉండేవి. దానిని ఏర్పాటు చేసిన కుర్రవాడు వెళుతూ వెళుతూ, "సార్, అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా వేయించండి. బ్యాకప్ వేరే చోట పెట్టించండి" అని చెప్పాడు. "ఓపీ అయ్యాక చూద్దాం లేవయ్యా" అన్నాను. ఆ ఓపీ ఏళ్ల తరబడి పూర్తి కాలేదు.

ఒక సోమవారం ఉదయం క్లినిక్ తెరిచేసరికి, డబ్బు చెల్లిస్తేనే మీ ఫైళ్లు మీకు దక్కుతాయన్న ప్రకటన తెర మీద కనిపించింది. ఆరేళ్ల రికార్డులు తెరుచుకోలేదు. బ్యాకప్ అదే యంత్రంలో మరొక డిస్కులో ఉండేది, అదీ బిగుసుకుపోయింది. వచ్చి పరీక్షించిన ఇంజినీరు మర్యాదగానే చెప్పాడు: "దొంగ దూరిన కన్నం డేటాబేస్‌లో ఉంది సార్. దాన్ని పూడ్చే సవరణ పద్నాలుగు నెలల కిందటే వచ్చింది. ఇక్కడ వేయలేదు."

ఆ వారంలోనే మా పాత రోగి, పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయులు ఒకరు మూత్రంలో మంటతో వచ్చారు. రికార్డు లేదు. నా దగ్గర పనిచేస్తున్న యువ వైద్యుడు పరీక్షించి, సల్ఫా కలిసిన మందు ఒకటి రాశాడు. చీటీ తీసుకుని మందుల షాపుకు బయలుదేరిన ఆయన భార్య గుమ్మం దగ్గర ఆగి వెనక్కి వచ్చారు. "డాక్టరుగారూ, ఆ మధ్య ఒళ్లంతా పొక్కులొచ్చి నోరు పుండైపోయినప్పుడు, ఈ జాతి మందు జన్మలో వాడవద్దని మీరే కదండీ అన్నారు?" అన్నారు. ఆ మాట నేను అన్నాను. కంప్యూటరులో ఎర్ర అక్షరాలతో రాయించాను కూడా. ఆరోజు ఆ మనిషిని కాపాడింది నా వైద్యమూ కాదు, నా కంప్యూటరూ కాదు; ఆ తల్లి జ్ఞాపకశక్తి.

నా ఉద్యోగ జీవితంలో వేలమంది పిల్లలకు టీకాలు వేయించాను. వేయించుకోని తల్లిదండ్రులను మందలించాను. నా కంప్యూటరు విషయంలో మాత్రం నేను వాళ్లకంటే అన్యాయంగా ప్రవర్తించాను. అందుకే ఈ వ్యాసం రాసే అర్హత నాకు ఉన్నదనుకుంటున్నాను.

ఎనిమిదిన్నర సెకన్లు

నాది ఒక్క క్లినిక్ కథ. ఇదే నిర్లక్ష్యం ప్రపంచమంతటా ఒకేసారి జరిగితే ఏమవుతుందో 2003లో తెలిసింది. ఆ సంవత్సరం జనవరి 25, శనివారం, మన కాలమానం ప్రకారం ఉదయం సుమారు 11 గంటలకు ఇంటర్నెట్‌లో ఒక పురుగు బయలుదేరింది. తనంతట తానే ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు పాకే ప్రోగ్రామును ఆ రంగంవారు 'వార్మ్' అంటారు. దీనికి స్లామర్ అని పేరు పెట్టారు. మైక్రోసాఫ్ట్ సంస్థ తయారుచేసిన ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 అనే డేటాబేస్‌లో ఉన్న ఒక లోపం దీనికి ప్రవేశద్వారం.

దీని పరిమాణం 376 బైట్లు. ఈనాటి పద్ధతిలో తెలుగులో టైపు చేస్తే రెండు మూడు చిన్న వాక్యాలకు మించి పట్టని చోటు అది. అంత చిన్న పురుగు తొలి నిమిషంలో ప్రతి ఎనిమిదిన్నర సెకన్లకు రెట్టింపయింది. తట్టు సోకిన బిడ్డకు జ్వరం కనిపించడానికే సుమారు పది రోజులు పడుతుందని గుర్తుచేసుకుంటే ఈ వేగం ఎంతటిదో అర్థమవుతుంది. లోపమున్న యంత్రాలలో నూటికి తొంభైకి పైగా పది నిమిషాలలోనే దీని వాత పడ్డాయి. కనీసం 75,000 యంత్రాలకు సోకిందని ఆ తరువాత దీనిని అధ్యయనం చేసిన పరిశోధకులు లెక్కగట్టారు. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు అర్ధరాత్రి దాటి అరగంట. అక్కడి నిర్వాహకులు నిద్ర లేచేసరికే జరగవలసింది జరిగిపోయింది.

ఈ పురుగు ఏ ఫైలునూ చెరపలేదు, ఏ రహస్యాన్నీ దొంగిలించలేదు. తన ప్రతులను ఎడతెరిపి లేకుండా నలుదిక్కులకూ పంపడమే దాని పని. ఆ రద్దీకే దారులన్నీ మూసుకుపోయాయి. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్ సేవలు స్తంభించాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికాకు చెందిన సుమారు 13,000 ఏటీఎంలు డబ్బు ఇవ్వలేకపోయాయి. సియాటిల్ నగర శివార్లలో, మన 108 వంటి అత్యవసర సేవల కేంద్రంలో కంప్యూటర్లు మొరాయించగా, సిబ్బంది కాగితం మీద రాసుకుంటూ ఫోన్లకు బదులిచ్చారు. ఒహాయో రాష్ట్రంలోని డేవిస్-బెస్సీ అణు విద్యుత్ కేంద్రంలో భద్రతా సూచికలను చూపే వ్యవస్థ దాదాపు అయిదు గంటలపాటు పనిచేయలేదు. రియాక్టరు అప్పటికే మరమ్మతుల కోసం ఆపివేసి ఉండటం అదృష్టం.

అత్యవసర కేంద్రానికి ఫోను చేసిన మనిషికి ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే పేరు తెలిసి ఉండదు. తన ప్రాణం దాని మీద ఆధారపడి ఉన్నదన్న సంగతి అంతకన్నా తెలిసి ఉండదు. కంప్యూటర్ల జబ్బు ప్రజారోగ్య విషయమని నేను అనడానికి మొదటి కారణం ఇది.

లోపం ఏమిటి?

సాంకేతిక విషయమే అయినా, దీన్ని ఆసుపత్రి భాషలో చెప్పుకోవచ్చు.

పెద్ద ఆసుపత్రి ముఖద్వారం దగ్గర విచారణ కౌంటరు ఉంటుంది. "ఫలానా వార్డు ఎక్కడ?" అని చీటీ ఇస్తే, అక్కడి గుమాస్తా దారి చెబుతాడు. ఒకే యంత్రం మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 అనేక విభాగాలుగా నడిచే వీలుండటం వల్ల, ఏ విభాగం ఏ ద్వారం దగ్గర ఉన్నదో చెప్పడానికి అటువంటి కౌంటరు ఒకటి అందులో ఏర్పాటు చేశారు. దాని ద్వారం సంఖ్య 1434. ఎవరు వచ్చి అడిగినా బదులివ్వడమే దాని పని కనుక, వచ్చినవారు ఎవరని అది ఆరా తీయదు, పాస్‌వర్డ్ అడగదు.

ఇప్పుడు ఆ గుమాస్తా ఎదుట ఒక పుస్తకం ఉన్నదనుకోండి. చీటీలోని పేరును అందులోని ఒక గడిలో ఎక్కించాలి. ఆ గడి కిందనే "ఈ పని అయ్యాక తరువాత చేయవలసిన పని" అని తన కోసం రాసుకున్న గడి ఉన్నది. గడిలో పట్టేంత పేరు వస్తే ఏ ఇబ్బందీ లేదు. ఒక దుర్మార్గుడు గడికి పట్టనంత పొడుగాటి పేరు ఇచ్చాడు. గుమాస్తా కొలత చూసుకోకుండా రాస్తూపోయాడు. అక్షరాలు గడి దాటి కింది గడిలోకి పొర్లి, అక్కడున్న సూచనను కప్పివేశాయి. పేరు రాయడం పూర్తిచేసి గుమాస్తా తరువాతి పని కోసం చూస్తే, అక్కడ ఉన్నది దుర్మార్గుడి ఆజ్ఞ. "ఇదే చీటీని ఊళ్లోని అన్ని కౌంటర్లకూ పంచిపెట్టు" అని ఉంటే, మారుమాట లేకుండా అదే చేస్తాడు. స్లామర్ చేయించిన పని ఇదే.

ఈ సంభాషణ జరిగే పద్ధతి కూడా పురుగుకు కలిసి వచ్చింది. కొన్ని రకాల సంభాషణలలో రెండు యంత్రాలూ ముందు పలకరించుకుని, ఆ తరువాత విషయంలోకి దిగుతాయి. 1434వ ద్వారం దగ్గర ఆ మర్యాద లేదు. పోస్టుకార్డు వలె ఒక్క సందేశం వచ్చి పడితే చాలు. పలకరింపులకై ఎదురుచూసే పని లేనందువల్ల, యంత్రానికి ఉన్న లైను ఎంత వెడల్పయితే అంత వేగంగా పురుగు తన కార్డులను వెదజల్లింది.

దీనికి మందు ఏమిటి? చీటీలోని పేరు గడికి పడుతుందో లేదో రాసేముందు కొలిచి చూడమని గుమాస్తాకు నేర్పడం. లోపాన్ని సవరించే ఇటువంటి చిన్న ప్రోగ్రామునే 'ప్యాచ్' అంటారు. నేను దానిని టీకా అంటున్నాను.

టీకా ఆరు నెలల ముందే ఉన్నది

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఇక్కడ ఉన్నది. డేవిడ్ లిచ్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఈ లోపాన్ని కనిపెట్టి తయారీదారులకు తెలియజేశారు. మైక్రోసాఫ్ట్ 2002 జులై 24న సవరణను విడుదల చేసింది. అంటే పురుగు పుట్టడానికి ఆరు నెలల ముందు. ఆ సవరణ కలిసిన పెద్ద అప్‌డేట్ ఒకటి 2003 జనవరి 17న, అంటే ఎనిమిది రోజుల ముందు వచ్చింది. అయినా పదుల వేల యంత్రాలు పడిపోయాయి. టీకాను తయారుచేసిన మైక్రోసాఫ్ట్ సంస్థలోని యంత్రాలు కొన్ని కూడా ఆ రోజు జబ్బుపడ్డాయి.

ఎందుకు వేయలేదు? సోమరితనమని తీసిపారేయడం సులభం. టీకాలు వేయించుకోని కుటుంబాలతో నలభై ఏళ్లు మాట్లాడినవాడిగా నాకు ఆ సమాధానం తృప్తినివ్వదు. నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, తమ దగ్గర ఆ డేటాబేస్ ఉన్నదని చాలామందికి తెలియకపోవడం. దాని చిన్న రూపాంతరాన్ని ఇతర కంపెనీలు తమ సాఫ్ట్‌వేరులో కలిపి అమ్మాయి. లెక్కల ప్యాకేజీ కొన్నామని అనుకున్నవారికి, దాని కడుపులో డేటాబేస్ కూడా ఉన్నదని ఎవరూ చెప్పలేదు. తన ఒంట్లో ఉన్న జబ్బు తెలియని మనిషి మందు ఎలా వేసుకుంటాడు?

రెండవది, వేయడంలోని కష్టం. తొలి సవరణను నిర్వాహకులే చేతితో ఫైళ్లు మార్చి అమర్చుకోవలసి వచ్చింది. దానంతట అది అమరే రూపంలో దానిని అందించింది పురుగు వచ్చిన తరువాతనే. సూది వేసే నర్సు లేని ఊరికి సీసాలు మాత్రం పంపి, జనం వేసుకోలేదని నిందించడం న్యాయం కాదు. తప్పులో తయారీదారుల వాటా కూడా ఉన్నది. 2003 అక్టోబరు నుండి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండవ మంగళవారం నాడు సవరణలు విడుదల చేసే ఆనవాయితీ పెట్టుకున్నది. టీకాల కార్యక్రమానికి ఒక నిర్ణీత దినం ఉండాలన్న సంగతి మన గ్రామీణ నర్సమ్మలకు అంతకు చాలా ముందునుంచే తెలుసు.

మూడవది, అది ఎవరి పనో తేలకపోవడం. యజమాని కంప్యూటరు కుర్రవాడి పని అనుకుంటాడు. కుర్రవాడు సాఫ్ట్‌వేరు అమ్మినవారి పని అనుకుంటాడు. అమ్మినవారు కొన్నవారి పని అంటారు. నా క్లినిక్‌లో జరిగింది ఇదే. పది మందిలో పాము చావదన్న సామెత నిజమై, పది మంది చూస్తుండగా పాము బతికిపోయింది.

పంపు పిడి, మురుగు గుంట

వైద్య విద్యార్థులందరూ చదివే కథ ఒకటుంది. 1854లో లండన్ నగరంలోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా విజృంభించినప్పుడు, జాన్ స్నో అనే వైద్యుడు అక్కడి ఒక పంపు నీటితోనే వ్యాధి వ్యాపిస్తున్నదని గుర్తించి, దాని పిడిని తీయించారు. ప్రజారోగ్య చరిత్రలో అది గొప్ప ఘట్టం. అయితే పిడి తీసినంత మాత్రాన బావి శుభ్రపడలేదు. పక్కనున్న మురుగు గుంట నుండి బావిలోకి కలుషితం ఊరుతూనే ఉన్నది. ఆ నగరానికి నిజమైన చికిత్స తరువాతి సంవత్సరాలలో నిర్మించిన మురుగునీటి వ్యవస్థతో జరిగింది.

2003లోనూ ఇంటర్నెట్ సేవలందించే సంస్థలు 1434వ ద్వారానికి వెళ్లే సందేశాలను ఆపివేశాయి. అది పంపు పిడి తీయడం. అవసరమైన పనే, దానివల్లనే ఊపిరి ఆడింది. ఆ పురుగు యంత్రపు తాత్కాలిక జ్ఞాపకంలో మాత్రమే బతికేది కనుక, యంత్రాన్ని ఆపి మళ్లీ వెలిగిస్తే చచ్చిపోయేది. కాని ప్యాచ్ వేయకుండా మళ్లీ నెట్‌కు తగిలిస్తే తిరిగి సోకేది. కలరా తగ్గిన రోగిని అదే బావి నీళ్లకు పంపినట్లు. తాత్కాలిక ఉపశమనం వేరు, నివారణ వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్ల మన ఆసుపత్రులలో నేటికీ "ఒకసారి ఆపి ఆన్ చేశాం సార్, సరిపోయింది" అన్న మాట వినిపిస్తూ ఉంటుంది.

ఒహాయో అణు కేంద్రానికి గట్టి ఫైర్‌వాల్ ఉన్నది. అయినా ఒక కాంట్రాక్టరు కోసం వేసిన వేరే లైను ఆ గోడను తప్పించుకుని లోపలికి వచ్చింది. పురుగు దాని వెంటనే వచ్చింది. ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తెరిచి ఉంచడమంటే ఇదే. మన దగ్గర 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి, రెండు వారాలపాటు రోగుల నమోదు మొదలు నివేదికల వరకు పనులు చేతిరాతతో సాగిన సంగతి మీకు గుర్తుండవచ్చు. ఆ దాడి రకం వేరు. అయితే నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం అందుకు కారణమని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. అంటువ్యాధి రోగిని వేరే వార్డులో ఉంచాలన్న సూత్రం, దేశంలోని పెద్ద ఆసుపత్రులలో ఒకదానిలోని యంత్రాలకు వర్తించలేదన్నమాట.

మందుచీటీ

క్లినిక్, నర్సింగ్ హోమ్, ల్యాబ్, మందుల షాపు నడుపుతున్న మిత్రులకు నా సలహాలు ఇవి. నిపుణుడిగా కాక, దెబ్బతిన్నవాడిగా చెబుతున్నాను. అమలు చేయడానికి అర్హుడైన ఇంజినీరును పిలవండి. అయితే ఏమి చేయించాలో మీకు తెలిసి ఉండాలి.

మొదట జాబితా రాయించండి. ఏ యంత్రంలో ఏ డేటాబేస్, ఎన్నో వెర్షన్ ఉన్నదో ఒక కాగితం మీదకు రావాలి. బిల్లింగ్ ప్యాకేజీ, ల్యాబ్ ఎనలైజరు, ఎక్స్‌రే బొమ్మలు దాచే కంప్యూటరు కూడా అందులోకి రావాలి. వాటి కడుపులో ఏ డేటాబేస్ ఉన్నదని అమ్మినవారిని రాతపూర్వకంగా అడగండి.

రెండవది, ఆ వెర్షన్‌కు ఇంకా సవరణలు వస్తున్నాయో లేదో చూడండి. ప్రతి వెర్షన్‌కూ ఆయుర్దాయం ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్రధాన వెర్షన్‌కు అయిదేళ్లపాటు సవరణలు ఇస్తారు. మనం చెప్పుకున్న ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000కు 2013లో పూర్తిగా ఆపివేశారు. గడువు తీరిన డేటాబేస్ గడువు తీరిన ఇంజెక్షన్ వంటిది; అది ఇంకా పనిచేస్తున్నదని వాడము కదా.

మూడవది, తేదీలు నిర్ణయించుకోండి. మైక్రోసాఫ్ట్ సవరణలు నెలకొకసారి, ఒరాకిల్‌వి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలలలో, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌వి ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలలలో వస్తుంటాయి. అత్యవసరమైనవి మధ్యలోనూ వస్తాయి. ముందుగా బ్యాకప్ తీసి, వీలుంటే మరొక యంత్రంలో వేసి చూసి, ఆ తరువాత అసలు యంత్రంలో వేయించండి.

నాలుగవది, డేటాబేస్ ద్వారం ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకండి. దానితో పని ఉన్న యంత్రాలు మాత్రమే దానిని చేరగలగాలి. రోగుల బంధువులు వాడుకునే వైఫై, ఆసుపత్రి రికార్డులు నడిచే నెట్‌వర్క్ ఒకటి కాకూడదు. వాడని సేవలను ఆపివేయించండి.

అయిదవది, పాస్‌వర్డ్. ఎస్‌క్యూఎల్ సర్వర్ ప్రధాన ఖాతాకు పాస్‌వర్డే పెట్టని యంత్రాలలోకి దూరే మరొక పురుగు స్లామర్‌కు ముందే, 2002 మే నెలలో వచ్చింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ అలవాటు పోలేదు. రిసెప్షన్‌లోని అమ్మాయికి అపాయింట్‌మెంట్లు రాసే అధికారం చాలు. మొత్తం డేటాబేస్ చెరపగల అధికారం అవసరం లేదు.

ఆరవది, బ్యాకప్. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, ఒకటి వేరే చోట ఉండాలి. వాటిలో ఒకటైనా యంత్రానికి తగిలించకుండా ఉండాలి. మూడు నెలలకు ఒకసారి దానిని తెరిచి, నిజంగా చదవవస్తున్నదో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్, గాలి లేని ఆక్సిజన్ సిలిండరు వంటిది. అవసరమైన రోజునే అది ఖాళీ అని తెలుస్తుంది.

ఏడవది, ఈ పనులకు బాధ్యుడు ఫలానా అని పేరు రాసి గోడకు అంటించండి. స్టెరిలైజేషన్ రిజిస్టరులో సంతకం చేసే సిస్టర్ ఉన్నట్లే, సవరణల రిజిస్టరులో సంతకం చేసే మనిషి ఉండాలి. ఈ ఒక్కటి చేయకపోతే పై ఆరూ కాగితం మీదే మిగులుతాయి.

రెండు అభ్యంతరాలు

"బాగా నడుస్తున్నదాన్ని కదిపితే చెడిపోతుంది సార్" అనేది మొదటి అభ్యంతరం. అది పూర్తిగా అసత్యం కాదు. సవరణ వేసిన తరువాత పాత ప్రోగ్రాము ఒకటి మొరాయించడం నేనూ చూశాను. టీకా వేసిన బిడ్డకు ఒకరోజు జ్వరం రావడమూ నిజమే. ఆ జ్వరానికి భయపడి టీకా మానేయమని ఏ వైద్యుడూ చెప్పడు. ముందే హెచ్చరించి, జ్వరం మాత్ర చేతికిచ్చి పంపుతాడు. ఇక్కడ ఆ మాత్ర బ్యాకప్.

"మాది చిన్న క్లినిక్, మా మీద ఎవరు కన్నేస్తారు?" అనేది రెండవది. స్లామర్ ఎవరి మీదా కన్నేయలేదు. గుడ్డిగా దొరికిన అంకెలను చిరునామాలుగా చేసుకుని సందేశాలు విసిరింది. దోమ కుట్టేముందు ఇంటి యజమాని ఆస్తిపాస్తులు విచారించదు. నా ఆరేళ్ల రికార్డులు పోగొట్టినవారికి నా పేరు తెలుసునని కూడా నేను అనుకోను.

ఇది ఇష్టాయిష్టాల విషయంగా మిగిలే రోజులు కూడా పోతున్నాయి. ఇటువంటి దాడులు జరిగినట్లు తెలిసిన 6 గంటలలోపు తమకు తెలియజేయాలని సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. వ్యక్తిగత వివరాలకు తగిన రక్షణ కల్పించనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఉన్నది. అయితే జరిమానాకు భయపడి చేసే పని చేతులు కడుక్కున్నట్లు నటించే సర్జన్ పని వంటిది. రోగి తన ఒంటి రహస్యాన్ని నమ్మకంతో మన చేతిలో పెట్టాడు. హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం, గర్భస్రావం వివరం, మానసిక వ్యాధి మందు, ఇవన్నీ ఆ డేటాబేస్‌లో ఉన్నాయి. అవి బయటపడితే ఏ సవరణా వెనక్కి తీసుకురాలేదు.

రోగిగా మీరు చేయవలసినది

వైద్యరంగంలో లేని పాఠకులు తమకు దీనితో పని లేదనుకోకండి. మీ ఆభా సంఖ్య, ఆరోగ్య బీమా వివరాలు, రక్తపరీక్షల ఫలితాలు ఎక్కడో ఒక డేటాబేస్‌లో ఉన్నాయి. దానికి మీరు ప్యాచ్ వేయలేరు. కాని అడగగలరు. "మా రికార్డులు మీ కంప్యూటరు చెడిపోతే ఎలా తీస్తారు? వాటిని చూసుకునే వ్యక్తి ఎవరు?" అని మర్యాదగా అడగండి. ఒకప్పుడు "సూది కొత్తదేనా?" అని రోగులు అడగడం మొదలుపెట్టిన తరువాతనే చాలాచోట్ల సూదులు మారాయి. ఈ ప్రశ్నకూ ఆ బలం ఉన్నది.

మరొక పని మీ చేతిలోనే ఉన్నది. మీకు పడని మందుల పేర్లు, రోజూ వాడే మందులు, ఉన్న దీర్ఘవ్యాధులు, బ్లడ్ గ్రూపు ఒక చిన్న కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఇంట్లో మరొకరికి కూడా చెప్పి ఉంచండి. కంప్యూటరు మీద అపనమ్మకంతో చెబుతున్నది కాదు. దానిని బాగా చూసుకుంటూనే, అది పడిపోయిన రోజుకు సిద్ధంగా ఉండమంటున్నాను.

ఆ ప్రధానోపాధ్యాయుల దంపతులు ఇప్పటికీ పండుగలకు ఫోను చేస్తుంటారు. కిందటి సంక్రాంతికి ఆయన, "మీ కంప్యూటరుకు టీకాలు వేయిస్తున్నారా డాక్టరుగారూ?" అని నవ్వుతూ అడిగారు. క్లినిక్ ఇప్పుడు ఆ యువ వైద్యుడు నడుపుతున్నాడు. గోడ మీద సవరణల రిజిస్టరు వేలాడుతున్నదనీ, అందులో ప్రతి నెలా ఒక సంతకం ఉంటున్నదనీ చెప్పాను. మీ ఇంటి డాక్టరుగారి గోడ మీద కూడా అటువంటిది ఉన్నదో లేదో ఈసారి వెళ్లినప్పుడు చూడండి. లేకపోతే ఎందుకు లేదని అడగండి.